మబ్బు పట్టిన ఆకాశం కోసం అబద్ధం ఆడాలా?

నెల్లూరు నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ముప్ఫై ఆరేళ్ల వయసు, బ్యాంకు ఉద్యోగం. భర్తకు సొంత షాపు ఉంది. కొడుకు ఒక్కడే, పన్నెండేళ్లు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు.

2001 నవంబర్‌లో, ఈమెకు పదకొండేళ్లప్పుడు, అనంతపురంలో వాళ్ల నాన్న తెల్లవారుజామున నిద్ర లేపి, దుప్పటి కప్పి మేడ మీదికి తీసుకెళ్లి సింహరాశి ఉల్కలు చూపించారు. "ఆకాశంలో సగం మబ్బే. ఆ సందుల్లోనే యాభై దాకా లెక్కపెట్టాను" అని రాశారు. అమ్మ నోట ఆ కథ వినీ వినీ పిల్లవాడికీ అదే పిచ్చి పట్టుకుంది. ఈ ఏడు ఆగస్టు 12 రాత్రి పెర్సీడ్స్ అనే ఉల్కలు బాగా రాలతాయని, పైగా ఆ రోజు అమావాస్యని, నెల ముందు నుంచే ఇంట్లో ఒకటే గోల. చివరికి భర్త షాపు మూసి, కారు తీసి హార్స్‌లీ హిల్స్‌కు తీసుకెళ్లారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగానే మబ్బు కమ్మేసింది, ఆపైన వాన. రాత్రంతా గదిలోనే గడిచిపోయింది. ఒక్క చుక్క కూడా కనపడలేదు. పొద్దున దిగేటప్పుడు అద్దానికి ఆవిరి పట్టేస్తుంటే ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలు పట్టుకుని తుడుచుకుంటూ బండి నడిపారు. కిందికి చేరాక టీ బంకు దగ్గర ఆపి, "ఆకాశం మీ అమ్మ మాట వింటుందా? ఇంకోసారి ఈ పిచ్చికి నన్ను పిలవొద్దు" అన్నారు, పిల్లాడి ముందే. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు డిసెంబర్ 14న జెమినిడ్స్ అనే ఉల్కలు వస్తున్నాయి. పిల్లవాడి నోట్‌బుక్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో గీత. పోయిన వారం వంటింట్లోకి వచ్చి, "నాన్నకు చెప్పొద్దమ్మా, మనిద్దరమే తాతయ్య వాళ్లింటికి అనంతపురం వెళ్దాం" అన్నాడట. ఈమె సరే అనేశారు. ఇంట్లో "మా నాన్నకు ఒంట్లో బాగోలేదు" అని చెప్పి బయల్దేరాలని ఆలోచన. చుక్కలు రాలడం చూస్తే ఇంటికి మంచిది కాదని అత్తగారి మాట. బంగాళాఖాతంలో అల్పపీడనం రావొచ్చని టీవీలో వార్త. "వెళ్లాక మళ్లీ మబ్బే అయితే వాడు తట్టుకోలేడు. వెళ్లకపోతే నేను మాట తప్పినదాన్ని అవుతాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అనంతపురం సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆగస్టు లెక్క తేల్చుకుందాం. ఆ రాత్రి తప్పు ఎవరిదన్న ప్రశ్న మీ ఇంట్లో ఇంకా అలాగే మిగిలి ఉంది.

ఆ తప్పు మీది కాదు, మీవారిది కాదు, పిల్లాడిది అంతకన్నా కాదు. క్యాలెండర్‌ది. పెర్సీడ్స్ గురించి అంత హడావుడి యూరప్, అమెరికాల నుంచి వచ్చింది. వాళ్లకు ఆగస్టు అంటే వేసవి సెలవులు, ఆరుబయట పడుకునే రోజులు. మనకది నైరుతి రుతుపవనాల నడిమధ్య. పైగా ఆ ఉల్కలు రాలుతున్నట్టు కనిపించే చోటు ఆకాశంలో బాగా ఉత్తరాన ఉంటుంది, మన దగ్గర అర్ధరాత్రి దాటాక గానీ పైకి రాదు. అమావాస్య చీకటి ఒక్కటే మీకు కలిసొచ్చింది. ఇక కొండలంటారా, వానాకాలంలో మబ్బులు ముందు పట్టేది వాటికే. చీకటి కోసం కొండెక్కి మీరు తిన్నగా మబ్బులోకే వెళ్లారు. ఇది మీ అబ్బాయికి ఇలాగే విడమర్చి చెప్పండి. పన్నెండేళ్ల పిల్లవాడు లెక్క తప్పిందంటే అర్థం చేసుకుంటాడు. మన వల్లే నాన్నకు కోపం వచ్చిందన్నదే వాడికి మింగుడుపడదు. ఇప్పుడు వాడు నాన్నకు చెప్పొద్దంటున్నది అందుకేనని నాకు అనిపిస్తోంది.

డిసెంబర్ సంగతి వేరు. తెలంగాణలోనూ రాయలసీమ పడమటి భాగంలోనూ అప్పటికి ఆకాశం చాలావరకు తేటపడుతుంది. మీ నెల్లూరుకు మాత్రం అసలు వానాకాలమే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. కాబట్టి అల్పపీడనం వార్త చూసి, "మనం ఎప్పుడు అనుకున్నా ఇంతే" అని దిగులుపడకండి. ఆ రోజుల్లో మీ జిల్లాకు అది మామూలే. ఆకాశానికి మీ ఇంటి మీద ప్రత్యేకంగా పగేమీ లేదు.

అబ్బాయి ఎంచుకున్న తేదీ మాత్రం మంచిది. జెమినిడ్స్ ఏడాదిలో వచ్చే ఉల్కల్లో అన్నిటికన్నా నమ్మకమైనవి. సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. మీరు చిన్నప్పుడు చూసిన సింహరాశి ఉల్కలది 71. అవి రెప్పపాటులో మాయమైతే ఇవి కాస్త తీరిగ్గా సాగుతాయి, "అదిగో" అనే వ్యవధి ఇస్తాయి. ఆ సింహరాశి ఉల్కలు ఒక తోకచుక్క వదిలిన ధూళి. వీటికి మూలం ఫేథాన్ అనే రాయి, 1983లో ఒక ఉపగ్రహం తీసిన చిత్రాల్లో బయటపడింది. మీవాడు దీని గురించి ఈపాటికే చదివేసి ఉంటాడు, మీరే వాణ్ని అడగండి.

మబ్బున్న ఊళ్లో ఉండేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఇంకొకటి ఉంది. ఇవి ఒక్క రాత్రితో అయిపోవు. 14 సోమవారం రాత్రి ముఖ్యమైనది. 13 ఆదివారం రాత్రి కూడా తక్కువదేమీ కాదు. 15 రాత్రికి మాత్రం బాగా పలచబడిపోతాయి. చంద్రుడు రెండు రాత్రులూ పది, పదిన్నర కల్లా దిగిపోతాడు. అంటే మీ చేతిలో ఒక్క అవకాశం కాదు, రెండున్నాయి. రాత్రి తొమ్మిది నుంచే మొదలుపెట్టొచ్చు. రెండు గంటల వేళకు, ఇవి రాలుతున్నట్టు కనిపించే మిథునరాశి నడినెత్తికి కాస్త ఉత్తరంగా వస్తుంది, అప్పుడు ఎక్కువగా రాలతాయి.

అంకెలు కూడా ముందే చెప్పి ఉంచండి, తర్వాత గొడవ ఉండదు. గంటకు వంద పైనే అని చదివేది పూర్తి చీకట్లో, ఆకాశమంతా తెరిచి ఉంటే వచ్చే లెక్క. నెల్లూరు వీధిదీపాల మధ్య మీ మేడ మీద గంటకు ఇరవై కనిపిస్తే సంతోషించాలి. సగం మబ్బుంటే పది. ఉల్కలు లెక్కపెట్టేవాళ్లకు మబ్బు చేతులెత్తేసే కారణం కాదు, వాళ్ల పట్టికలో దానికీ ఒక గడి ఉంటుంది. పావుగంటకోసారి ఆకాశంలో ఎంత భాగం మూసుకుందో రాసుకుంటారు. సగం మూసుకుంటే, కనిపించినవాటిని రెండుతో గుణించి అసలు అంకె అంచనా కడతారు. మీవాడి నోట్‌బుక్‌లో కూడా ఆ గడి గీయించండి. "మబ్బు 50, ఉల్కలు 4" అని రాసిన పిల్లవాడు ఓడిపోయి కిందికి దిగడు, వాడి చేతిలో ఒక రికార్డు ఉంటుంది. ఖాళీ పేజీతో హార్స్‌లీ హిల్స్ దిగాడు చూడండి, అది కష్టం.

ఇక మీరు దాచుకున్న మాట.

"మా నాన్నకు ఒంట్లో బాగోలేదు" అంటే ఏమవుతుందో ఒక్క నిమిషం ఊహించండి. మామగారికి బాగోలేదంటే మీవారు కూడా బయల్దేరతారు. షాపు మూసి, ఉల్కల కోసమని ఘాట్ రోడ్డెక్కిన మనిషి, మామగారి కోసం రారా? అప్పుడు దారంతా ఏం చెబుతారు? ఆయన రాకపోయినా, మీ నాన్నగారు అల్లుడికి మామూలుగా ఒక్క ఫోన్ చేస్తే చాలు. లేదంటే మీ నాన్నగారి చేత కూడా అబద్ధం ఆడించాలి. పెద్దాయన, నిజంగానే ఏ జ్వరమో వస్తే ఆ బెంగ మిమ్మల్ని వదలదు.

వీటన్నిటి కన్నా నాకు భయం పిల్లాడి గురించి. వాడు వంటింట్లోకి వచ్చి అడిగింది ఉల్కల ప్రయాణం ఒక్కటే కాదు. నాన్నకు తెలియకుండా ఉండటానికి మీ తోడు కూడా అడిగాడు. మీరు సరే అన్నారు. దానికి మిమ్మల్ని తిట్టను. ఆ క్షణంలో ఏ తల్లైనా అలాగే అంటుంది. కానీ ఆ సరేను వెనక్కి తీసుకోవచ్చు. "వెళ్దామన్నాను, దాని మీదే ఉన్నాను. దాచిపెట్టి వెళ్దామన్నది మాత్రం తప్పు, నాన్నతో నేనే మాట్లాడతాను" అని చెప్పండి. మొదట మొహం ముడుచుకుంటాడు, ఒకటి రెండు రోజులు అలుగుతాడు. అలగనివ్వండి.

మీవారి గురించి మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తువ్వాలు అన్నారు. ఘాట్ రోడ్డు మీద ముందు ఏముందో కనపడదు, వెనక సీట్లో భార్యాబిడ్డలు. కిందికి దిగి టీ బంకు దగ్గర ఆగాక అన్న మాట అది. ఆ మాట తప్పే, అందులో సందేహం లేదు, పిల్లాడి ముందు అనకూడదు. కాకపోతే అది ఉల్కల మీద కోపం కాదేమో, అంతసేపు బిగబట్టిన భయమేమోనని నా అనుమానం. మన మగవాళ్లు చాలామంది "భయమేసింది" అనలేరు. నేను పొరబడి ఉండొచ్చు, ఆయన మీకు తెలిసినంతగా నాకు తెలియరు. మీరే అడగండి. "మళ్లీ తీసుకెళ్తారా" అని కాదు, "ఆ రోజు ఘాట్ దిగుతుంటే మీకు భయం వేసిందా?" అని. ఉల్కల మాట ఆ తర్వాత.

మాట్లాడాక మీ ముందు మూడు నాలుగు దారులుంటాయి.

అన్నిటిలోకీ తేలిక, నెల్లూరులో మీ మేడ. డబ్బు ఖర్చు లేదు, సెలవు అక్కర్లేదు, మీవారికి ఇష్టం లేకపోతే ఆయన కింద పడుకోవచ్చు. ఉల్కలు తక్కువ కనిపిస్తాయి, మబ్బు పట్టే అవకాశం ఎక్కువ. మెరుపులు ఉన్నాయంటే మాత్రం మేడ ఎక్కొద్దు, ఇందులో బేరం లేదు. పరుచుకోవడానికి పట్టా, కప్పుకోవడానికి దుప్పట్లు పైకి చేర్చుకోండి, లేకపోతే మంచుకు తడిసిపోతారు. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ చూశారంటే మళ్లీ మొదటికొస్తుంది. చూడాల్సింది మిథునరాశి వైపేనని లేదు. మబ్బులో పెద్ద సందు ఎటుంటే అటు చూడండి.

రెండోది అనంతపురం, ఉన్న మాట చెప్పి. మన రాష్ట్రంలో వాన తక్కువ పడే జిల్లా అదే కాబట్టి ఆకాశం తెరిచి ఉండే అవకాశం నెల్లూరు కన్నా ఎక్కువ. మనవడు వస్తే మీ నాన్నగారికి పండగే. అయితే అటు ఏడెనిమిది గంటలు, ఇటు ఏడెనిమిది గంటలు, సోమవారం సెలవు, మంగళవారం కూడా పెట్టాలేమో. అల్పపీడనం బలపడితే ఈ ప్రయాణం ఆలోచించకండి. 2021 నవంబర్‌లో అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు కడప వైపు దారులు ఏమయ్యాయో, నెల్లూరు దగ్గర హైవే ఏమయిందో మీకు నేను చెప్పాలా? నీళ్లు పారుతున్న కాజ్‌వే దాటేంత గొప్ప ఉల్కలు ఏవీ లేవు. వెళ్లాలనుకుంటే శనివారం పగలే వెళ్లిపోవాలి. వెళ్లాలా వద్దా అన్నది శుక్రవారం సాయంత్రం మీవారే తేల్చేలా చూడండి. ఆకాశం గురించి మీవాడికి ఎక్కువ తెలుసు, రోడ్డు గురించి ఆయనకు ఎక్కువ తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్ల చేతిలో పెడితే గొడవ సగం తగ్గుతుంది. ఆయన వద్దంటే పిల్లాడు బాధపడతాడు. ఆ బాధ మీరు ముగ్గురూ కలిసి పడేది, వంటింట్లో ఇద్దరు కలిసి దాచుకునేది కాదు.

డిసెంబర్‌ను వదిలేసి, మే నెలకు వాయిదా వేసుకోవచ్చు కూడా. ఇది నాకు బాగా నచ్చిన దారి, ఎవరూ పట్టించుకోనిది. మే 5, 6 తేదీల తెల్లవారుజామున హేలీ తోకచుక్క వదిలిన ధూళి నుంచి ఉల్కలు వస్తాయి, ఈటా అక్వారిడ్స్ అంటారు. మనలాంటి దక్షిణాది వాళ్లకు అవి యూరప్ వాళ్ల కన్నా బాగా కనిపిస్తాయి. 2027లో సరిగ్గా అమావాస్య దగ్గర పడుతున్నాయి. వేసవి సెలవులు, ఎండాకాలపు ఆకాశం. ఒకటే లోటు, పన్నెండేళ్ల పిల్లవాడికి ఐదు నెలలంటే ఐదేళ్లతో సమానం. అందుకని దీన్ని డిసెంబర్‌కు బదులుగా కాక, డిసెంబర్ పోతే ఉంది అన్నట్టు ముందే చెప్పి పెట్టుకోండి.

పోనీ, ఏదీ వద్దనుకుని ఊరుకున్నారనుకోండి. ఇల్లు పైకి ప్రశాంతంగానే ఉంటుంది. ఎర్ర గీత మాత్రం నోట్‌బుక్‌లో అలాగే ఉండిపోతుంది. వాడు ఇంకోసారి మిమ్మల్ని అడగకపోవచ్చు. దాన్ని నేనైతే ప్రశాంతత అనను.

మబ్బు సంగతి ఫోన్‌లోని వాతావరణం బొమ్మ చూసి తేల్చుకోకండి, అందులో సూర్యుడి పక్కన ఒక మబ్బు ముక్క వేసి ఊరుకుంటారు. వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో ఇన్సాట్ ఉపగ్రహం పంపే చిత్రాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. వాటిలో 'విజిబుల్' అని ఉన్నది రాత్రి నల్లగానే ఉంటుంది, అది చూసి ఆకాశం ఖాళీ అనుకునేవాళ్లున్నారు. 'ఇన్‌ఫ్రారెడ్' తెరవండి. బాగా తెల్లగా కనిపించేవి ఎత్తైన, చల్లటి మబ్బులు. కిందుగా ఉండే మబ్బులు నేలంత వెచ్చగా ఉంటాయి కాబట్టి బూడిదరంగులో కలిసిపోతాయి, వాటి దగ్గర మోసపోతాం. నాలుగైదు చిత్రాలు వరసగా చూస్తే తెల్లటి గుంపు ఎటు జరుగుతోందో తెలుస్తుంది. ఈ పని మీవాడికి అప్పజెప్పండి. వాన వెలిసిన రాత్రిని తక్కువ అంచనా వేయొద్దు, దుమ్మంతా కడిగేసి ఆకాశం మిలమిలలాడేది అప్పుడే. నేనొకసారి ఇలాగే రెండింటిదాకా మేడ మీద కూర్చుని, విసిగిపోయి కిందికొచ్చి పడుకున్నాను. పొద్దున వాచ్‌మన్ అన్నాడు, "మూడింటికి మబ్బంతా విడిపోయింది మేడమ్, ఎన్ని రాలాయో!" ఇప్పటికీ ఆ వాచ్‌మన్ మీద నాకు కొంచెం కోపమే, లేపలేదని.

మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. చుక్క రాలితే ఎవరో పోయారని మా అమ్మమ్మ కూడా అనేది. మీ అత్తగారు ఆ మాట వింటూ పెరిగారు, ఇప్పుడు మనవడికి ఏమైనా అవుతుందేమోనని భయం, అంతే. సైన్సు పాఠం చెప్పే బదులు మనవడి చేత ఒక్కటి చూపించమనండి. ఏడున్నర, ఎనిమిదింటికి తూర్పు నుంచి కొంచెం ఉత్తరంగా, మబ్బు లేకపోతే, రెండు చుక్కలు పక్కపక్కనే పైకి వస్తుంటాయి. అదే పునర్వసు. రాములవారి జన్మ నక్షత్రం. ఈ ఉల్కలన్నీ ఆ జంట చుక్కల దగ్గర నుంచే బయల్దేరినట్టు కనిపిస్తాయి. ఆవిడ మనసు మారుతుందని హామీ ఇవ్వలేను. కానీ పునర్వసును చూడటానికైతే మేడ ఎక్కుతుందేమో.

రెండు రాత్రులూ గట్టిగా వాన పడితే? అది కూడా ముందే మాట్లాడుకోండి. పిల్లాడికి తిరుపతి గురించి చెప్పండి. మీ ఊరికి రెండు మూడు గంటల దూరంలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఉల్కలను పట్టే రాడార్ ఒకటి ఉంది. ఉల్క కాలిపోయేటప్పుడు దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున ఒక విద్యుత్ చార వదులుతుంది. రాడార్ పంపిన రేడియో తరంగం ఆ చారకు తగిలి వెనక్కి వస్తుంది. చార ఎటు కొట్టుకుపోతోందో చూసి అంత ఎత్తులో గాలి ఎటు వీస్తోందో లెక్కగడతారు. దానికి పగలైనా రాత్రైనా ఒకటే, వానైనా మబ్బైనా ఒకటే. మబ్బులు ఎంత పైకి లేచినా ఇరవై కిలోమీటర్ల లోపే ఆగిపోతాయి, ఉల్కలు అంతకన్నా చాలా ఎత్తున రాలుతూనే ఉంటాయి. మీ మేడ మీద వాన కురుస్తున్నప్పుడు కూడా పైన అవి పడుతూనే ఉన్నాయన్నమాట. వాడు మేడ గది గుమ్మంలో నిలబడి, ఆ పేజీలో "మబ్బు 100, ఉల్కలు 0" అని రాసి, కింద టైమూ తేదీ వేస్తే చాలు.

చివరగా ఒక చిన్న పని. ఇవాళే మీ నాన్నగారికి ఫోన్ చేసి, 2001లో ఆ తెల్లవారుజాము గురించి అడగండి. సగం మబ్బుందని మీరే రాశారు. సరిగ్గా మబ్బు సందిచ్చిన వేళకు ఆయన మిమ్మల్ని ఎలా లేపగలిగారు? ఆ రాత్రి ఆయన మేడ మెట్లు చాలాసార్లు ఎక్కి దిగి ఉంటారని నా అనుమానం. అదే నిజమైతే మీ ఇంట్లోనూ అలాగే చేయొచ్చు. పిల్లవాణ్ని పడుకోబెట్టి, పెద్దవాళ్లు అరగంటకోసారి పైకెళ్లి చూసి రావడం. పది నుంచి ఒంటిగంట దాకా మీరు, ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మీవారు. ఆ రెండో వంతు ఆయన ఒప్పుకుంటారేమో అడిగి చూడండి.